ఆస్పత్రి దాకా వచ్చిన అంబులెన్సు గుమ్మం ముందే ఎందుకు ఆగుతుంది? ఆస్ట్రేలియాలోని తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ల కిందట ఒక జులై రాత్రి, ఇండియా నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా మామగారు భోజనం అయ్యాక గుండెల్లో బరువుగా ఉందన్నారు. మెల్‌బోర్న్‌లో మా ఇంటికి అంబులెన్సు పావుగంటలోపే వచ్చింది. ఆస్పత్రికి చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడికెళ్లాక మాత్రం రెండు గంటలకు పైగా ఆయన ఎమర్జెన్సీ నడవాలో, ఆ స్ట్రెచర్ మీదే ఉండిపోయారు. పక్కన ఇద్దరు పారామెడిక్‌లు నిలబడే ఉన్నారు. మా అత్తగారు పదేపదే ఒకటే అడిగారు: "ఆస్పత్రికి వచ్చేశాం కదమ్మా, లోపలికి ఎందుకు తీసుకెళ్లట్లేదు?" నా దగ్గర జవాబు లేదు. మామగారు కోలుకున్నారు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత తెలుసుకున్నవి, మనవాళ్లు నన్ను అడుగుతూ వచ్చినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ర్యాంపింగ్ అంటే ఏమిటి?

అంబులెన్సు ఆస్పత్రికి చేరుతుంది. రోగిని అప్పగించడానికి ఎమర్జెన్సీలో మంచం ఉండదు, లేదా మంచం ఉన్నా చూసుకునే నర్సు ఉండరు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకునేదాకా పారామెడిక్‌లు రోగిని వదిలి వెళ్లకూడదు. దాంతో బండి అక్కడే ఆగిపోతుంది. అలా ఎమర్జెన్సీ ముందున్న ర్యాంపు మీద అంబులెన్సులు వరసకట్టి ఉండటాన్నే ర్యాంపింగ్ అంటారు.

నష్టం స్ట్రెచర్ మీదున్న మనిషి ఒక్కరిదే కాదు. ఆ బండి కోసం ఇంకో ఇంట్లో ఇంకెవరో ఎదురుచూస్తుంటారు. పది బండ్లు ఒక ఆస్పత్రి ముందు నిలిచిపోతే ఆ చుట్టుపక్కల పేటలకు పది బండ్లు లేనట్టే. అంబులెన్సు ఆలస్యంగా వచ్చిందని డ్రైవరును తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు ఆ ఆలస్యం మొదలయ్యేది రోడ్డు మీద కాదు, ఆస్పత్రి గుమ్మం దగ్గర.

ఇంత డబ్బున్న దేశంలో ఎమర్జెన్సీలో మంచం దొరకదా?

ఎమర్జెన్సీ అనేది దారి మధ్యలో గది. రోగి అక్కడ కుదుటపడితే ఇంటికైనా వెళ్లాలి, పైనున్న వార్డుకైనా వెళ్లాలి. వార్డులో మంచం ఖాళీ లేకపోతే ఎమర్జెన్సీలోనే ఉండిపోవాలి. ఇక్కడి డాక్టర్లు దీన్ని యాక్సెస్ బ్లాక్ అంటారు. చేర్చుకోవాలని తేల్చిన రోగి ఎనిమిది గంటలు దాటినా ఎమర్జెన్సీలోనే ఉంటే ఆ లెక్కలోకి వస్తారు.

మరి వార్డులో మంచాలు ఎందుకు ఖాళీ కావు? వైద్యం పూర్తయినా వెళ్లే చోటు లేనివాళ్లు ఉంటారు. ఏజ్డ్ కేర్ హోమ్‌లో చోటు కోసం ఎదురుచూసే పెద్దవాళ్లు, ఎన్‌డీఐఎస్ అనే ప్రభుత్వ సహాయ పథకం కింద ఇల్లు, సహాయకులు కుదిరేదాకా ఆగాల్సిన వికలాంగులు. డిశ్చార్జి చేస్తే ఒంటరిగా పడిపోతారని తెలిసి ఏ డాక్టరూ పంపించలేరు. మన ఊళ్లలో చెరువు కింది తూము మూసుకుపోతే నీళ్లు పైనున్న పొలాల్లోకి ఎగదన్నినట్టే, కింద దారి లేక ఆ బరువంతా వెనక్కి జరుగుతూ జరుగుతూ ర్యాంపు మీదికొస్తుంది.

దేశం మొత్తం మీద ప్రభుత్వాస్పత్రుల ఎమర్జెన్సీలకు ఏడాదికి దాదాపు 90 లక్షల సార్లు జనం వస్తారు. చలికాలం, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, ఫ్లూ వల్ల ఇంకా ఇబ్బంది. అప్పుడు సిబ్బందికీ జబ్బు చేస్తుంది మరి.

చిన్నచిన్న జ్వరాలకు ఎమర్జెన్సీకి పరిగెత్తేవాళ్ల వల్లే కదా ఇదంతా?

ఈ మాట చాలామంది అంటారు. సగమే నిజం. చిన్న సమస్యతో వచ్చినవాళ్లు వెయిటింగ్ రూములో కుర్చీలో కూర్చుంటారు, చూసి పంపిస్తారు. వాళ్లకు వార్డులో మంచం అక్కర్లేదు. ర్యాంపు మీద ఆగిపోయేవాళ్లలో ఎక్కువమంది మంచం మీదే ఉండాల్సిన రోగులు. కాబట్టి జలుబుతో వచ్చినవాళ్లందరినీ ఇంటికి పంపేసినా ర్యాంపింగ్ పోదు.

అలాగని వాళ్ల రాక వల్ల భారం లేదనీ కాదు. ఎవరిది ఎంత అత్యవసరమో తేల్చే ట్రయాజ్ నర్సు వాళ్లనూ చూడాలి, డాక్టరు సమయం వాళ్లకూ ఇవ్వాలి. కానీ శనివారం రాత్రి చెవి నొప్పితో ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని వచ్చిన తల్లిని తప్పుపట్టడం నాకు ఎప్పుడూ మనసొప్పదు. ఆ వేళకు వేరే ఏ తలుపు తెరిచి ఉందని?

ఇంతసేపట్లో అప్పగించాలని నియమం ఏమీ లేదా?

రాష్ట్రానికో లెక్క ఉంది. విక్టోరియాలో నూటికి 90 మందిని 40 నిమిషాల్లోపు అప్పగించాలి. న్యూ సౌత్ వేల్స్‌లో, క్వీన్స్‌లాండ్‌లో 30 నిమిషాలు. టాస్మేనియాలో 2024లో ఇంకాస్త గట్టిగా, 60 నిమిషాలు దాటితే రోగిని ఆస్పత్రి తీసుకుని తీరాలని, బండిని వదిలేయాలని పద్ధతి పెట్టారు. ఇవి లక్ష్యాలు. కిక్కిరిసిన రాత్రి చాలాచోట్ల దాటిపోతూనే ఉంటాయి.

దక్షిణ ఆస్ట్రేలియా కథ తెలుసుకోవాలి. 2022 మార్చి ఎన్నికల్లో పీటర్ మలినాస్కస్ నాయకత్వంలోని లేబర్ పార్టీ ర్యాంపింగ్‌ను సరిచేస్తామన్న మాట మీదే ప్రచారం నడిపి గెలిచింది. కొత్త మంచాలు, కొత్త పారామెడిక్‌లు వచ్చారు. అయినా 2024 జులై ఒక్క నెలలోనే అక్కడి అంబులెన్సులు ర్యాంపు మీద పోగొట్టుకున్న సమయం 5,000 గంటలు దాటింది. ఆ ప్రభుత్వం పని చేయలేదని నేను అనను. రాష్ట్రం తన చేతిలో ఉన్నది చేసినా, ఏజ్డ్ కేర్, బయటి డాక్టర్లు దాని చేతిలో లేకపోవడం అసలు చిక్కు. ప్రతి నెలా ఆ గంటల లెక్కను దాచకుండా బయటపెట్టడం మాత్రం మెచ్చుకోవాల్సిన పని.

అంబులెన్సులో వెళ్తే ముందుగా చూస్తారా?

చూడరు. బండిలో వచ్చినా, నడిచి వచ్చినా ట్రయాజ్ ఒకటే. ఐదు అంచెలుంటాయి. మొదటి అంచె వాళ్లను ఆ క్షణమే చూడాలి. రెండో అంచెకు 10 నిమిషాలు, మూడుకు 30, నాలుగుకు 60, ఐదుకు 120 నిమిషాల లోపు. గుండె ఆగినవాళ్లు, ఊపిరి అందనివాళ్లు ర్యాంపు మీద ఆగరు, నేరుగా లోపలికి వెళ్తారు.

అలాంటప్పుడు మన కారులోనే తీసుకెళ్లడం మేలు కదా?

ఛాతీ నొప్పి, పక్షవాతం లక్షణాలు, ఆయాసం, ఆగని రక్తం, స్పృహ తప్పడం, ఇలాంటివాటికి ఇక్కడి అత్యవసర నంబరు 000కే ఫోన్ చేయండి. ఆలోచించకండి. మా మామగారికి ఇంట్లో సోఫా మీదే ఈసీజీ తీశారు, అక్కడే మందు మొదలుపెట్టారు. నడవాలో ఎదురుచూసిన రెండు గంటలూ మానిటర్ ఆయన గుండెను చూస్తూనే ఉంది. మన కారులో వెనక సీట్లో గుండె ఆగితే ఎవరేం చేయగలం? పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ మందు ఇచ్చే ఆస్పత్రి ఏదో పారామెడిక్‌లకు తెలుసు, మనకు తెలియదు.

చీలమండ బెణికితే, చేతికి చిన్న గాయమైతే కారులో వెళ్లొచ్చు. అలాంటివాటికి ఎమర్జెన్సీ కన్నా మంచి చోట్లు ఉన్నాయి, కింద చెప్తాను.

అంబులెన్సు ఉచితమేనా?

2005లో హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక, అంబులెన్సుకు డబ్బు కట్టాలన్న ఆలోచనే మనలో చాలామందికి లేకుండా పోయింది. ఇక్కడ మాత్రం అడగాల్సిందే. ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ అంబులెన్సుకు పైసా ఇవ్వదు. క్వీన్స్‌లాండ్, టాస్మేనియాలలో ఆ రాష్ట్రంలో నివసించేవాళ్లకు ఉచితం. న్యూ సౌత్ వేల్స్ నివాసులకు ఖర్చులో దాదాపు సగం బిల్లు వస్తుంది. విక్టోరియాలో అంబులెన్సు సంస్థలో సభ్యత్వం గానీ ఇన్సూరెన్సు గానీ లేకపోతే ఒక్క ప్రయాణానికి వెయ్యి డాలర్లు దాటుతుంది. కుటుంబ సభ్యత్వమైతే ఏడాదికి వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ. పెన్షన్ కార్డు, హెల్త్ కేర్ కార్డు ఉన్నవాళ్లకు చాలా రాష్ట్రాల్లో మినహాయింపు ఉంది.

బిల్లు భయంతో 000కి ఫోన్ చేయడానికి వెనకాడిన కుటుంబాలు మనలో ఉన్నాయి. అందుకే, ఇది చదివాక మొదట చేయాల్సిన పని మీ సభ్యత్వం ఉందో లేదో చూసుకోవడం.

ఆస్పత్రికి డబ్బిచ్చేది ఎవరు, రాత్రి డాక్టరుకు ఇచ్చేది ఎవరు?

ఇక్కడే ముడి ఉంది. ప్రభుత్వాస్పత్రుల, అంబులెన్సుల బాధ్యత రాష్ట్రాలది. బయట క్లినిక్‌లో కూర్చునే కుటుంబ డాక్టరుకు, అంటే జీపీకి, మెడికేర్ ద్వారా డబ్బిచ్చేది కాన్‌బెర్రాలోని కేంద్ర ప్రభుత్వం. ఏజ్డ్ కేర్ కూడా కేంద్రానిదే. ఆస్పత్రుల ఖర్చులో కేంద్రం వాటా ఎంతన్న దాని మీద ఏళ్లుగా బేరం నడుస్తోంది. 2023 డిసెంబరులో ఆ వాటాను 2030 నాటికి 42.5 శాతానికి, 2035 నాటికి 45 శాతానికి తీసుకెళ్లాలని ప్రధాని, రాష్ట్రాల ప్రీమియర్లు అనుకున్నారు.

దీనివల్ల జరిగేది ఏమిటో చూడండి. మీ పేటలో రాత్రి క్లినిక్ మూతపడితే కేంద్రానికి మెడికేర్ డబ్బు మిగులుతుంది. ఆ రోగి ఎమర్జెన్సీకి వెళ్తే ఖర్చులో పెద్ద వాటా రాష్ట్రం మీద పడుతుంది. ఏజ్డ్ కేర్‌లో చోటు దొరక్కపోయినా అంతే, మంచం ఖర్చు ఆస్పత్రిదే. తప్పు ఒకరి దగ్గర జరిగితే నొప్పి ఇంకొకరికి తెలుస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఎవరి వంటిల్లు వాళ్లదే అయినప్పుడు, ముసలాయనకు అన్నం పెట్టేది ఎవరన్న తగువులా ఉంటుంది ఇది. ఆ తగువు తీరేదాకా ఆకలితో ఉండేది ముసలాయనే.

రాత్రి ఏడు దాటితే జీపీ ఎందుకు దొరకరు?

వారంలో 168 గంటలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8 నుంచి సాయంత్రం 6, శనివారం మధ్యాహ్నం 12 దాకా లెక్కేస్తే 54 గంటలే. మిగతా 114 గంటలూ ఆఫ్టర్ అవర్స్. అంటే మూడింట రెండు వంతుల సమయం. జబ్బు మాత్రం గడియారం చూసి రాదు.

మామూలు జీపీ సంప్రదింపుకు మెడికేర్ ఇచ్చేది 40 డాలర్ల పైచిలుకు. రాత్రివేళకు కొంత ఎక్కువ ఇస్తుంది. అయినా రిసెప్షనిస్టు, నర్సు, సెక్యూరిటీ, రాత్రి జీతం కలిపితే చాలా క్లినిక్‌లకు గిట్టుబాటు కాదు. రోగులు వచ్చినా రాకపోయినా లైట్లు వేసి ఉంచాలి కదా. అందుకే ఒక్కో రోగికి ఇంత అని ఇచ్చే డబ్బుతో రాత్రి వైద్యం నిలబడదని నా నమ్మకం. ఫైర్ స్టేషన్‌కు మంటకు ఇంత అని డబ్బు ఇవ్వం కదా, సిద్ధంగా ఉన్నందుకు ఇస్తాం. రాత్రి క్లినిక్‌కూ అలాగే ఇవ్వాలి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, చెప్పకపోతే న్యాయం కాదు. 2010 తర్వాత ఇంటికే డాక్టరును పంపే సంస్థలు బాగా పెరిగాయి. అత్యవసరం పేరుతో మెడికేర్‌కు పెట్టే బిల్లులు కొద్ది ఏళ్లలోనే రెట్టింపు దాటాయి. అందులో చాలావరకు నిజంగా అత్యవసరమేనా అని మెడికేర్ చెల్లింపుల సమీక్ష సంఘం అడిగింది. 2018 మార్చి నుంచి ఆ చెల్లింపు నిబంధనలు బిగించారు. దుర్వినియోగాన్ని ఆపడం సబబే. కానీ ఆ తర్వాత రాత్రి ఇంటికొచ్చే డాక్టరు చాలా పేటల్లో అరుదైపోయారు. ఆ ఖాళీని నింపే ఏర్పాటు మాత్రం వెంటనే రాలేదు.

మెడికేర్ అర్జెంట్ కేర్ క్లినిక్‌లు ఆ ఖాళీని నింపుతున్నాయా?

కొంతవరకు. 2023లో మొదలయ్యాయి. ఆ ఏడాది చివరికి 58, తర్వాత 87. 2025 మార్చిలో మరో 50కి 64.4 కోట్ల డాలర్లు ప్రకటించి మొత్తం 137కు తీసుకెళ్తామన్నారు. వారంలో ఏడు రోజులూ, సాధారణంగా రాత్రి దాకా తెరిచి ఉంటాయి. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. మెడికేర్ కార్డు ఉంటే చేతి నుంచి డబ్బు పెట్టక్కర్లేదు. బెణుకులు, చిన్న ఎముక విరుగుళ్లు, కుట్లు పడాల్సిన గాయాలు, చెవి పోటు, మూత్రంలో మంట లాంటివాటికి ఎమర్జెన్సీ కంటే ఇవే నయం.

జీపీల సంఘం అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంత డబ్బు కొత్త క్లినిక్‌లకు పోసే బదులు, రోగి చరిత్ర తెలిసిన పాత క్లినిక్‌లనే రాత్రి తెరిచేలా చేయొచ్చు కదా అని. అందులో న్యాయం ఉంది. అయినా నేను ఈ క్లినిక్‌ల వైపే మొగ్గుతాను. మా అమ్మాయి ఆదివారం సాయంత్రం గడ్డం చీల్చుకుంటే ఒకటిన్నర గంటలో కుట్లు వేయించుకుని ఇంటికొచ్చాం. ఎమర్జెన్సీలో ఐతే అర్ధరాత్రి దాటేది. కాకపోతే వీటిలో ఎక్కువ భాగం రాత్రి పదికల్లా మూసేస్తాయి. అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ఉన్న గండం అలాగే ఉంది.

రాత్రి రెండింటికి పిల్లాడికి జ్వరం వస్తే మొదట ఎవరికి ఫోన్ చేయాలి?

మూడు నెలలు నిండని పాపకు 38 డిగ్రీలు దాటితే ఎవరికీ ఫోన్ చేస్తూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. పెద్ద పిల్లలైనా ఊపిరి కష్టంగా తీసుకుంటున్నా, మత్తుగా పడి లేవకపోయినా, నొక్కితే పోని మచ్చలు ఒంటి మీద కనిపించినా 000.

అలాంటివేమీ లేకపోతే 2026 జనవరి 1 నుంచి 1800 మెడికేర్ లైన్ ఉంది, నంబరు 1800 633 422. ఇరవై నాలుగు గంటలూ నర్సు మాట్లాడతారు. అవసరమైతే రాత్రివేళా, వారాంతాల్లోనూ ఫోనులోనో వీడియోలోనో జీపీకి కలుపుతారు. విక్టోరియాలో ఉంటే వర్చువల్ ఎమర్జెన్సీ ఇంకా ఉపయోగం. 2020లో మెల్‌బోర్న్ ఉత్తర శివార్లలోని నార్తర్న్ హెల్త్ మొదలుపెట్టింది, ఇప్పుడు రాష్ట్రమంతా అందుబాటులో ఉంది. ఎమర్జెన్సీ డాక్టరే వీడియోలో చూస్తారు. ఇంటికొచ్చిన పారామెడిక్‌లు కూడా దాని ద్వారానే డాక్టరును అడిగి, ఆస్పత్రి అక్కర్లేదని తేలినవాళ్లను ఇంట్లోనే ఉంచుతారు. ర్యాంపు బరువును నిజంగా తగ్గించే పని ఇది, నా దృష్టిలో.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్ల సంగతి?

వాళ్లకు మెడికేర్ లేదు. బ్రిటన్, న్యూజిలాండ్, ఇటలీ లాంటి కొన్ని దేశాలతో ఆస్ట్రేలియాకు వైద్య ఒప్పందం ఉంది, ఇండియాతో లేదు. ప్రభుత్వాస్పత్రి అయినా బిల్లు వేస్తుంది. ఎమర్జెన్సీలో చూసినందుకే వందల డాలర్లు, చేర్చుకుంటే రోజుకు వేలు. ఇన్సూరెన్సు లేకుండా టికెట్టు కొనకండి. కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి: అంబులెన్సు కలిసి ఉందా, బీపీ, షుగరు లాంటి పాత జబ్బులకు ఎన్ని నెలలు ఆగాలంటున్నారు. మా మామగారి పాలసీలో అంబులెన్సు ఉంది, అదృష్టం. ఆయన స్టెంటు పాతది కావడంతో ఇన్సూరెన్సు వాళ్లతో నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాయి.

డబ్బు లేదని ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను ఆస్పత్రి వెనక్కి పంపదు. బిల్లు తర్వాత వస్తుంది, వాయిదాల్లో కట్టుకోవచ్చా అని అడగొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారు, ఇంగ్లిష్ రాదు. ఎలా?

000కి ఫోన్ చేసి "అంబులెన్స్" అని, తర్వాత "తెలుగు" అని చెప్పినా చాలు, దుబాసీని కలుపుతారు. లైను కట్ చేయకూడదు, అదొక్కటీ నేర్పండి. మిగతా సమయాల్లో 131 450 దుబాసీ సేవ ఉంది, అందులో తెలుగు ఉంది. ఇంటి చిరునామా, వాళ్లు వాడే మందుల పేర్లు పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆస్పత్రిలోనూ దుబాసీని అడగడం మన హక్కు. పదేళ్ల మనవడితో తాతగారి గుండె సంగతి చెప్పించొద్దు.

ర్యాంపు మీద ఎదురుచూస్తున్నప్పుడు మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. మార్పు వస్తే వెంటనే చెప్పడం. నొప్పి పెరిగినా, చెమటలు పట్టినా, మాట తడబడినా పారామెడిక్‌కు చెప్పండి, వాళ్లు మళ్లీ అంచె మార్పించగలరు. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ, డాక్టరుగారిని విసిగించకూడదనుకుంటాం. ఇక్కడ ఆ మొహమాటం వదిలేయాలి. 2021లో పెర్త్‌లో మన దేశపు కుటుంబానికి చెందిన ఏడేళ్ల పాప ఎమర్జెన్సీలో దాదాపు రెండు గంటలు ఎదురుచూసి ప్రాణం పోగొట్టుకుంది. పాపకు బాలేదని తల్లిదండ్రులు పదేపదే చెప్పినా సరిగా వినలేదు. ఆ తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియాలో పాప పేరు మీదే "ఐశ్వర్యాస్ కేర్ కాల్" వచ్చింది. చికిత్స చేస్తున్నవాళ్లు వినడం లేదనిపిస్తే కుటుంబమే పైవాళ్లను పిలిపించే ఏర్పాటు అది. క్వీన్స్‌లాండ్‌లో దాన్ని రయాన్స్ రూల్ అంటారు, న్యూ సౌత్ వేల్స్‌లో రీచ్ అంటారు. మీ రాష్ట్రంలో పేరేమిటో ఆస్పత్రి గోడ మీద రాసి ఉంటుంది, వెతకండి.

ఎక్కడ చెప్పుకోవాలి?

మీకు జరిగిన ఆలస్యం గురించైతే మొదట ఆ ఆస్పత్రిలోనే రోగుల ఫిర్యాదులు చూసే విభాగానికి రాయండి. తేదీ, చేరిన సమయం, లోపలికి తీసుకున్న సమయం వేయండి. అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆరోగ్య ఫిర్యాదుల కమిషనర్ ఉన్నారు. అంబులెన్సులు, మంచాల గురించి రాష్ట్ర ఎంపీని అడగాలి. రాత్రి క్లినిక్ లేదని, అర్జెంట్ కేర్ పదింటికే మూసేస్తున్నారని కేంద్ర ఎంపీని అడగాలి. ఒకరికి రాయాల్సింది ఇంకొకరికి రాస్తే "అది మా పరిధి కాదు" అన్న జవాబు వస్తుంది, నాకు రెండుసార్లు వచ్చింది. మూడోసారి ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపాను, ఇంకొకరికీ పంపుతున్నానని అందులోనే రాశాను. ఈసారి ఇద్దరి ఆఫీసుల నుంచీ ఫోన్ వచ్చింది.